పొర ఎంబడి

ఒంగోలు కోచింగ్ సెంటర్లో
రెండేళ్లు బిట్లు బట్టీ పట్టినవాణ్ని.
ప్రకృతివాదం ఎ, భావవాదం బి,
వ్యవహారికసత్తావాదం సి.
నాలుగు సున్నల్లో ఒకటి నల్లగా దిద్దితే
ఉద్యోగం వచ్చింది.

మార్కాపురం దాటి
తర్లుబాడు రోడ్డులో ఆటో దిగి
పలకల గుంటల పక్కగా రెండు కిలోమీటర్లు నడిస్తే మా బడి.
చేరేసరికి కనురెప్పల మీద కూడా బూడిదరంగు పొడి.
ముప్ఫై ఒక్కమంది పిల్లలు.
ఒక గది, సగం వరండా, నేను.

మొదటివారం అడిగాను,
"పలక ఎక్కణ్నుంచి వస్తుంది?"
"సుబ్బరత్నం శెట్టి కొట్లోంచి!"
ముందు వరసంతా ఒకే గొంతు.
తలుపు మూల నుంచి ఒక పిల్ల లేచింది.
"గుంటలోంచి సార్.
అడ్డంగా కొడితే పగిలిపోద్ది.
మా నాయిన చెవి ఆనించి ఇంటాడు.
పొర ఎంబడి ఉలి పెడితే
పుస్తకం మాదిరి ఇచ్చుకుంటది."

ఈ బిట్టు నాకు ఏ పేపర్లోనూ రాలేదు.

పేరు చూద్దామని రిజిస్టరు తెరిచాను.
మేకపోగు నాసరమ్మ, నాలుగో తరగతి.
పేరుకెదురుగా నా చేత్తో పెట్టిన సున్నలు,
పైనుంచి చూస్తే ఎండిన బావుల్లా, వరసగా.

తొమ్మిదింటికి గంట.
తొమ్మిదింటికే ట్యాంకరు.
వాళ్లమ్మ మిషను దగ్గర పలకలు కోస్తుంటుంది.
నాయిన, దగ్గు ఆగిన రోజున గుంటలో,
ఆగని రోజున మంచంలో.
ఆరు బిందెలు పట్టేది ఈ పిల్లే.
పదిన్నరకి తడిసిన గౌనుతో పరిగెత్తుకొస్తే
గుమ్మం బయట నిలబెట్టాను.
ఒకసారి కాదు, పదకొండు సార్లు.
అందరికీ ఒకటే గంట గదా,
అందరికీ ఒకటే తలుపు గదా,
న్యాయంగానే ఉన్నాననుకున్నాను.

ఆ పూటే లెక్కల్లో 'సమానం' గుర్తు చెప్పాను.
రెండు గీతలు, ఒకే పొడుగు.
ఏది ఎంత దూరం నుంచి నడిచొచ్చి
పక్కన నిలబడిందో
ఆ గీతలు చెప్పవు.

మర్నాటి నుంచి
పొద్దున బొమ్మలు, పొడుపుకథలు, కబాడీ.
ట్యాంకరు వెళ్లాకే తెలుగు, లెక్కలు.
శెట్టిగారు వచ్చారు, చెప్పులు విడిచి, మర్యాదగానే.
"మావాడు టయానికే వస్తాడు గదయ్యా.
వాడేం పాపం చేశాడు?"
ఆ ప్రశ్న తప్పు కాదు.
నా దగ్గర జవాబు అప్పుడూ లేదు,
ఇప్పటికీ సగమే ఉంది.
"మీవాడికి పొడుపుకథలు బాగా వస్తున్నాయి" అన్నాను.
ఆయన నవ్వలేదు.
ఎంఈవో ఆఫీసుకి కాగితం వెళ్లింది.
అక్కణ్నుంచి మెమో వచ్చింది.
టేబులు మీదే ఉంది, ఎగిరిపోకుండా సుద్దపెట్టె కింద.

నిన్న సాయంత్రం నాసరమ్మ నాయిన వచ్చాడు.
గుమ్మం బయటే ఆగాడు,
అక్కడ నిలబడటం ఆ ఇంటికి నేనే నేర్పినట్టు.
లోపలికి రమ్మంటే
భుజం మీది గోనెసంచిని ముందు పంపాడు.
కంపెనీ తోసేసిన పలకలు,
మూలలు విరిగినవి, ఒక పక్క పలచబడినవి.
"వీటికి చట్టం లేదు సార్.
అంచులు కోసుకుంటయ్,
పిల్లోళ్లకి చెప్పండి."

చట్టం ఉంది.
ఎంఈవో గారి గోడ మీద, అద్దం వెనక,
ఉచితం, నిర్బంధం అని పెద్దక్షరాల్లో.

లెక్కపెట్టాను. ముప్ఫైరెండు.
"ఒకటి ఎక్కువొచ్చిందయ్యా."
"అది తమకి" అన్నాడు.
ఇంకేదో చెప్పబోయాడు,
దగ్గు అడ్డమొచ్చింది.
చెయ్యూపి, గుంటల వైపు దిగిపోయాడు.

ఈ పొద్దున తొమ్మిదైంది.
వరండాలో శెట్టిగారబ్బాయి
ఏనుగుకి మూడో చెవి గీస్తున్నాడు.
ట్యాంకరు ఇంకా రాలేదు.
అంచు తగలకుండా పలక పట్టుకుని
చెవికి ఆనించి
వింటున్నాను.